బెసైడ్‌కు మళ్లీ బయల్దేరే ముందు
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఆట గురించి: ఫైనల్ ఫాంటసీ టెన్. 2001 జులైలో జపాన్‌లో ప్లేస్టేషన్ 2 మీద విడుదలైంది. 2013 డిసెంబరులో పీఎస్ 3, వీటాల కోసం హెచ్‌డీ రీమాస్టర్‌గా ముస్తాబై, 2015లో పీఎస్ 4కీ, 2016లో పీసీకీ, 2019లో స్విచ్, ఎక్స్‌బాక్స్ వన్‌లకూ చేరింది. కాలేజీ రోజుల్లో ఆడినవాళ్లు ఇప్పుడు రెండో విడత మొదలుపెట్టారని ఉత్తరాలు చూస్తే అర్థమవుతోంది. పాత జ్ఞాపకాన్ని నమ్ముకుని వెళ్తే ఈ రీమాస్టర్ కొన్నిచోట్ల దెబ్బ కొడుతుంది. అందుకే జవాబులు కాస్త వివరంగా ఇస్తున్నాం. మొదటిసారి ఆడేవాళ్లు బాస్‌ల (పెద్ద శత్రువుల) పేర్లు కనబడిన జవాబులు దాటేసి చదువుకోండి.

ప్రశ్న: అప్పట్లో అమెరికా డిస్క్‌తో పీఎస్ 2 మీద ఆట పూర్తి చేశాను. ఇప్పుడు పీఎస్ 4లో రీమాస్టర్ ఆడుతున్నాను. ఎయిర్‌షిప్ దొరికాక బెసైడ్ దీవికి వెళ్తే ఊరి వాకిట్లోనే నల్లటి వాలెఫర్ ఎదురై అందర్నీ పడగొట్టేసింది. అప్పుడు ఇది లేదు. నా ఆటలో ఏమైనా తేడా ఉందా?
(గాజువాక పాఠకుడు)

జవాబు: మీ ఆట బాగానే ఉంది. మీరు ఆడిన రెండు కూర్పులే వేరు. 2001 డిసెంబరులో అమెరికాలో వచ్చిన డిస్క్‌లో ఈ శత్రువులు లేరు. 2002 జనవరిలో జపాన్‌లో ‘ఇంటర్నేషనల్’ అనే కూర్పు వచ్చింది. అందులో డార్క్ ఇయాన్లు (మనం పిలిస్తే వచ్చి పోరాడే ఇయాన్ల శత్రు రూపాలు), పెనన్స్ అనే మహా శత్రువు, ఎక్స్‌పర్ట్ స్పియర్ గ్రిడ్ (పాత్రల బలం పెంచుకునే పటం) కలిపారు. 2002లో ఐరోపాకు వెళ్లిన డిస్క్‌లోనూ ఇవి ఉన్నాయి. రీమాస్టర్‌ను ఆ ఇంటర్నేషనల్ కూర్పు మీదే కట్టారు. కాబట్టి అమెరికా డిస్క్ ఆడినవాళ్లకు ఇవి కొత్త, ఐరోపా డిస్క్ ఆడినవాళ్లకు పాత పరిచయాలే.

డార్క్ వాలెఫర్‌కు 8 లక్షల హెచ్‌పీ (ప్రాణశక్తి). ఎనిమిది డార్క్ ఇయాన్లలో తేలికైనది అదే. పెనన్స్‌కైతే కోటీ 20 లక్షలు. కథ చివర్లో ఉండే మామూలు జట్టుతో వీటి జోలికి వెళ్లకూడదు.

వాటిని గెలవడం కన్నా, అవి దారి మూసే లోపు సామాను తెచ్చుకోవడం ముఖ్యం. అనిమా అనే రహస్య ఇయాన్ కావాలంటే ఆరు ఆలయాల్లోనూ డిస్ట్రక్షన్ స్పియర్ పెట్టెలు తెరిచి ఉండాలి. వీటిలో మూడు చోట్ల జాగ్రత్త. మొదటిది బెసైడ్: కథ మొదట్లో క్లాయిస్టర్ ఆఫ్ ట్రయల్స్ అనే ఆలయ పరీక్షల గదిలోకి వెళ్లినప్పుడే పెట్టెలోని రాడ్ ఆఫ్ విజ్డమ్ తీసుకోండి. ఆ దీవి వదిలితే ఎయిర్‌షిప్ వచ్చేదాకా మళ్లీ వెళ్లలేరు, వెళ్లేసరికి డార్క్ వాలెఫర్ కాపలా ఉంటుంది. రెండోది మకలానియా: అక్కడి పజిల్ సేమూర్‌తో పోరు అయ్యాక బయటికి వచ్చేటప్పుడు వస్తుంది. తరుముతున్నారన్న కంగారులో చాలామంది పెట్టె వదిలేసి పరుగెడతారు. తర్వాత వెళ్తే డార్క్ శివ. మూడోది బెవెల్: ఆ పరీక్షల గదికి రెండోసారి దారే లేదు. రెండు పెట్టెలూ అప్పుడే ఖాళీ చేయండి.

ఇంకొకటి కూడా రాసిపెట్టుకోండి. జనార్కండ్‌లో యునలెస్కాను ఓడించిన వెంటనే, బయటికి నడవకుండా, ఆ పోరు జరిగిన గదిలోకే వెనక్కి వెళ్లి పెట్టెలోని సన్ క్రెస్ట్ తీసుకోండి. కథానాయకుడు టీడస్ అంతిమ ఆయుధానికి అది అవసరం. తర్వాత తీసుకుందాంలే అనుకుంటే అదే గదిలో డార్క్ బహమూత్ ఉంటుంది, 40 లక్షల హెచ్‌పీతో.

మీకు ఇప్పటికే బెసైడ్ మూసుకుపోయింది కాబట్టి ఒక అడ్డదారి ఉంది: యోజింబో అనే ఇయాన్. కామ్ ల్యాండ్స్ పక్కనున్న కేవర్న్ ఆఫ్ ది స్టోలెన్ ఫెయిత్‌లో దొరుకుతాడు. మొదట 2,50,000 గిల్ (ఆటలోని డబ్బు) అడుగుతాడు, బేరమాడితే దిగుతాడు. ఎందుకు నీ సాయం కావాలని అడిగినప్పుడు, అత్యంత బలమైన శత్రువులను ఓడించడానికి అన్న జవాబు ఎంచుకోండి. అతను జన్మాతో అనే వేటు వేస్తే డార్క్ ఇయాన్ అయినా ఒక్క దెబ్బకు పోతుంది. ఆ వేటు పడుతుందా లేదా అన్నది మీరిచ్చే డబ్బు, అతనితో మీకున్న పొత్తు, అతని ఓవర్‌డ్రైవ్ (పోరుల్లో నిండే ప్రత్యేక దాడి) నిండి ఉందా అన్న వాటితో పాటు అదృష్టం మీద ఆధారపడుతుంది. పోరుకు ముందు సేవ్ చేసి, పడకపోతే మళ్లీ లోడ్ చేయడమే. ఇందులో మొహమాటపడాల్సిందేమీ లేదు. ఆ శత్రువులను పెట్టినవాళ్లే ఈ మందూ పెట్టారు.

ప్రశ్న: అన్నా, కొత్తగా మొదలుపెడుతున్నా. స్టాండర్డ్ గ్రిడ్ తీసుకోనా, ఎక్స్‌పర్ట్ తీసుకోనా? మధ్యలో మార్చుకోవచ్చా?
(ఎం.వి.పి. కాలనీ నుంచి ఇంజినీరింగ్ విద్యార్థి)

జవాబు: మధ్యలో మార్చడం కుదరదు తమ్ముడూ. కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడు ఏది ఎంచుకుంటే చివరిదాకా అదే. మొదటిసారి కాబట్టి స్టాండర్డ్ తీసుకో. అందులో ఒక్కొక్కరికీ గీసిన దారి ఉంటుంది: యూనా వైద్యం, లులు మంత్రాలు, ఆరాన్ బలం. ఎక్స్‌పర్ట్‌లో అందరూ మధ్యలోంచి బయల్దేరతారు, ఎవరు ఎటైనా పోవచ్చు. ఆట తెలిసినవాళ్లకు అది పండగ. తెలియనివాళ్లు అందరికీ అన్నీ కొంచెం కొంచెం నేర్పించి, గగజెట్ కొండ దగ్గరికి వచ్చేసరికి ఏ పనికీ సరైన మనిషి లేక ఇరుక్కుంటారు.

ఏ గ్రిడ్ అయినా కొన్ని సంగతులు ఒకటే. పోరులో కనీసం ఒక్క వంతు ఆడినవాళ్లకే ఏపీ (గ్రిడ్‌లో ముందుకు కదలడానికి కావలసిన పాయింట్లు) వస్తుంది. పోరు ముగిసేసరికి పడిపోయి ఉన్నవాళ్లకు రాదు. కాబట్టి చివరి శత్రువును చంపే ముందు ఎల్1తో ఒక్కొక్కర్నీ లోపలికి పిలిచి, ట్రయాంగిల్ నొక్కి డిఫెండ్ చేయించు. అదీ ఒక వంతు కిందే లెక్క. ఇలా చేయకపోతే లులు, కిమారి వెనకబడిపోతారు, సరిగ్గా వాళ్లు కావలసిన బాస్ దగ్గర ఒక్క దెబ్బకు పడతారు.

గ్రిడ్‌లోని తాళాలు తీసే కీ స్పియర్లు దొరికిన వెంటనే వాడెయ్యకు. తాళం అవతల ఏముందో గ్రిడ్‌ను కర్సర్‌తో తిరిగి చూసుకో. కిమారికి సొంత దారి చిన్నది, దాని చివర తాళాలే. లెవెల్ 1 కీతో అతన్ని రికు దారిలోకి పంపితే స్టీల్, యూజ్ ముందే వస్తాయి. రికు మూన్‌ఫ్లో దగ్గర గానీ జట్టులో చేరదు కాబట్టి అంతదాకా దొంగతనానికి వేరే మనిషి ఉండరు. స్టీల్ వల్ల గ్రెనేడ్లు, వైద్యం సామాను బాగా పోగవుతాయి. ఆట మొదటి సగంలో డబ్బు కన్నా అవే విలువైనవి.

ప్రశ్న: మా వైపు వేసవిలోనూ, తుపాను రోజుల్లోనూ కరెంటు పోతుంటుంది. కన్సోల్ మీద ఆడుతుండగా రెండు గంటల ఆట పోయింది. ఏది కొనుక్కుంటే మేలు?
(పెందుర్తి పాఠకుడు)

జవాబు: మీ పరిస్థితికి స్విచ్. పోరు మధ్యలో ఉన్నా పవర్ బటన్ నొక్కితే నిద్రలోకి వెళ్తుంది, బ్యాటరీ ఉన్నంతసేపూ అక్కడే ఆగి ఉంటుంది. పీఎస్ 4 రెస్ట్ మోడ్‌కు గోడ ప్లగ్‌లో కరెంటు ఉండాలి, పోతే ఆట కూడా పోతుంది. యూపీఎస్ పెట్టుకున్నా సగమే ఉపయోగం. మీరు సేవ్ చేయగలిగేది సేవ్ స్పియర్ దగ్గరే, అది దూరంలో ఉంటే ఆ పది నిమిషాల్లో పోరులన్నీ తప్పించుకుని చేరుకోవాలి. పీసీ కూర్పులో ఆటో సేవ్ ఉంది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కూడా కలిసొస్తుంది.

స్విచ్ కార్ట్‌రిడ్జ్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్లకు ఒక మాట. అమెరికా, ఐరోపా పెట్టెల్లో టెన్ మాత్రమే కార్ట్‌రిడ్జ్‌లో ఉంటుంది. దానితో పాటు వచ్చే తర్వాతి కథ టెన్-టూను డౌన్‌లోడ్ కోడ్‌గా ఇస్తారు. ఆ కోడ్ ఒకసారి వాడేస్తే అయిపోయినట్టే. రెండు ఆటల ధర చెప్పి అమ్ముతుంటే కోడ్ సంగతి అడిగి తీసుకోండి.

ఏ యంత్రమైనా, సేవ్‌లు రెండు మూడు స్లాట్‌లలో మార్చి మార్చి పెట్టండి. సేవ్ అవుతుండగా కరెంటు పోతే ఆ ఒక్క ఫైలే పాడవుతుంది. పాతది మిగులుతుంది.

ప్రశ్న: థండర్ ప్లెయిన్స్‌లో వరుసగా 200 పిడుగులు తప్పించుకోవాలట. పాత డబ్బా టీవీ మీద చేయగలిగాను. కొత్త 55 అంగుళాల టీవీ మీద ముప్ఫై కూడా దాటడం లేదు. వయసు మీద పడిందా?
(సీతమ్మధార పాఠకుడు)

జవాబు: వయసు మాట తర్వాత చూద్దాం, ముందు టీవీ సెట్టింగులు చూడండి. కొత్త టీవీలు బొమ్మను చూపించే ముందు నునుపు చేయడం, రంగులు దిద్దడం లాంటి పనులు పెట్టుకుంటాయి. ఆ పనులకు పట్టే సమయమంతా మీ బొటనవేలి నుంచి కోసుకున్నదే. మెనూలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. మోషన్ స్మూతింగ్ అని ఏ పేరుతో ఉన్నా ఆపేయండి. ఆటను సౌండ్‌బార్ ద్వారా టీవీకి పంపుతుంటే, తీగను నేరుగా టీవీకే పెట్టండి. పీసీ కూర్పులో ఆడేవాళ్లు వేగం పెంచే బూస్టర్‌ను ఆపి తీరాలి. పిడుగు కూడా అంతే వేగంతో పడుతుంది.

ఇక పద్ధతి. తెర మొత్తం తెల్లగా మెరుస్తుంది, మెరుపు వెనక్కి తగ్గుతుండగా క్రాస్ నొక్కాలి. మెరవకముందే నొక్కితే లెక్కలోకి రాదు, ఉరుము వినపడ్డాక నొక్కితే ఆలస్యం. కళ్లను టీడస్ మీద కాకుండా తెర మధ్యలో ఎక్కడో ఒకచోట నిలపండి. మెరుపు ఎటైనా కనబడుతుంది.

ఎక్కడ పడితే అక్కడ తిరిగితే గంటలు పడుతుంది. దక్షిణ భాగంలో నేల మీద ఒక గుంత ఉంది. అందులోకి దిగి బయటికి వస్తుంటే దాదాపు ప్రతిసారీ మెరుపు వస్తుంది. లయ దొరికితే పని ఊహించినదాని కన్నా తొందరగా అయిపోతుంది. మధ్యలో పోరులు వస్తే లయ చెడుతుంది, లెక్క మరిచిపోతారు. నో ఎన్‌కౌంటర్స్ ఉన్న కవచం తొడగండి. 30 ప్యూరిఫయింగ్ సాల్ట్ ఉంటే కస్టమైజ్‌లో మీరే చేసుకోవచ్చు. పీసీలో అయితే బూస్టర్‌తోనే పోరులు ఆపేయొచ్చు.

ఎన్ని అయ్యాయో ఆట చూపించదు. పక్కన కాగితం పెట్టుకుని పదేసికి ఒక గీత గీయండి. వీలైతే మరొకరిని లెక్క పెట్టమనండి. 200కి ఆగకుండా ఇంకో పది కొట్టండి. ఒక్కటి తగిలినా లెక్క మళ్లీ సున్నా. ఆ ప్రాంతం దాటి బయటికి వెళ్లకండి. అన్నీ అయ్యాక రిన్ ట్రావెల్ ఏజెన్సీ బయట పెట్టెలో వీనస్ సిజిల్ ఉంటుంది. లులు ఆయుధం ఆనియన్ నైట్‌కు అది కావాలి.

ఇది చేయకపోయినా కథ ఆగదు. లులును చివరి పోరులదాకా వాడే ఆలోచన లేకపోతే ఈ శ్రమ పెట్టుకోకండి.

ప్రశ్న: గగజెట్ మీద సేమూర్ ఫ్లక్స్, ఆ తర్వాత యునలెస్కా. రెండు చోట్లా ఆగిపోయాను. లెవెల్ పెంచుకోవడం తప్ప దారి లేదా?
(అక్కయ్యపాలెం పాఠకురాలు)

జవాబు: లెవెల్ కన్నా ఆ ఇద్దరూ ఏ వరుసలో ఏం చేస్తారో తెలియడం ముఖ్యం. ఆటలో చక్కగా అల్లిన పోరుల్లో ఇవి రెండు. బలంతో తొక్కేస్తే వాటి అందం కనబడదు.

సేమూర్ ఫ్లక్స్‌కు 70,000 హెచ్‌పీ. ముందు లాన్స్ ఆఫ్ ఆట్రఫీతో ఒకరిని జాంబీ చేస్తాడు. వెంటనే వెనకున్న మోర్టియోర్కిస్ ఆ మనిషి మీద ఫుల్ లైఫ్ వేస్తుంది. జాంబీగా ఉన్నవాళ్లకు ప్రాణం పోసే మంత్రం ప్రాణం తీస్తుంది. ఆ రెండింటి మధ్య మీకు దొరికే వంతులో హోలీ వాటర్ పోయాలి. కనీసం 15 దగ్గర పెట్టుకుని వెళ్లండి. సేమూర్‌కు విషం ఎక్కుతుందని చాలామందికి తెలియదు. లులు బయో వేసినా, పాయిజన్ ఫాంగ్ విసిరినా చాలు, తన ప్రతి వంతుకూ 1,400 పోతుంటుంది. ఇయాన్‌ను పిలిస్తే ఒక్క వంతు ఆడగానే తరిమేస్తాడు. కాబట్టి కొండ ఎక్కే ముందే ఇయాన్లందరి ఓవర్‌డ్రైవ్ నింపి ఉంచండి. పిలవడం, ఓవర్‌డ్రైవ్ కొట్టించడం, పోనివ్వడం. నాలుగైదు ఇయాన్లు ఇలా కొడితే సగం పని అయిపోతుంది. మోర్టియోర్కిస్ సర్వనాశనానికి సిద్ధమన్న సందేశం కనబడితే, ఉన్న వంతుల్లో ముగ్గురికీ షెల్ (మంత్రాల దెబ్బ తగ్గించేది) వేసి, హెచ్‌పీ నింపి, డిఫెండ్‌లో ఉండండి.

యునలెస్కాకు మూడు రూపాలు: 24,000, 48,000, 60,000 హెచ్‌పీ. మొదటి రూపంలో మీరు ఏం చేస్తే దానికి తగ్గ ఎదురుదెబ్బ ఇస్తుంది. కత్తితో కొడితే గుడ్డితనం, మంత్రం వేస్తే మౌనం. రెండో రూపంలోకి మారగానే హెల్‌బైటర్‌తో ముగ్గురినీ జాంబీలను చేస్తుంది. ఇక్కడే అందరూ హోలీ వాటర్ తీసి అందర్నీ బాగు చేసేస్తారు. మూడో రూపంలో మెగా డెత్ వేస్తుంది. జాంబీ కానివాళ్లు అందరూ పోతారు. జాంబీలు మాత్రం నిలబడతారు.

కాబట్టి రెండో రూపంలో ఒకరిని మాత్రమే బాగు చేయండి. ఇద్దరిని జాంబీలుగానే ఉంచండి. వాళ్లకు క్యూరా వేస్తే దెబ్బ తగులుతుంది, ఫీనిక్స్ డౌన్ వాడితే చచ్చిపోతారు. హెచ్‌పీ బాగా తగ్గితే ముందు హోలీ వాటర్, తర్వాత హై పోషన్, ఆమె మరో హెల్‌బైటర్ వేస్తే మళ్లీ జాంబీ అవుతారు. ఆమె కూడా మీ జాంబీల మీద వైద్య మంత్రాలు వేసి కొడుతుంది. అది చూసి కంగారుపడకండి. మెగా డెత్ అయ్యాక పడిపోయినవాళ్లను లేపి కొట్టడం మొదలుపెట్టండి. ఓవర్‌డ్రైవ్‌లన్నీ ఈ మూడో రూపానికే దాచుకోండి.

కన్సోళ్లలో ఈ పోరుకు ముందు వచ్చే పొడవాటి దృశ్యాన్ని దాటవేయలేరు. ఓడిన ప్రతిసారీ అదంతా చూడాలి. అందుకే మొదటి ప్రయత్నానికే హోలీ వాటర్ లెక్క చూసుకుని, ఓవర్‌డ్రైవ్‌లు నింపుకుని వెళ్లండి.

ప్రశ్న: పీఎస్ 2 ఇంకా ఉంది. డిస్క్ ఒకసారి చదువుతుంది, ఒకసారి చదవదు. బాగు చేసుకుని దాని మీదే ఆడనా, రీమాస్టర్ కొననా? పాత మెమరీ కార్డులోని సేవ్‌లు కొత్తదానికి పనికొస్తాయా?
(పెదవాల్తేరు పాఠకుడు)

జవాబు: సేవ్‌లు పనికిరావు. రీమాస్టర్ పీఎస్ 2 ఫైళ్లను చదవదు.

యంత్రం సంగతి. సముద్రానికి దగ్గరి ఇళ్లలో గాలిలో ఉప్పు, తేమ రెండూ ఎక్కువ. లెన్స్ మీద పలచటి పొర పేరుకుంటుంది, లోపలి లోహపు భాగాలు తుప్పు పడతాయి. ముందు డిస్క్‌ను చూడండి. మెత్తని గుడ్డతో మధ్యలోంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పకండి. తర్వాత లెన్స్. ప్లగ్ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి పిండిన చెవి పుల్లతో అదమకుండా రెండుసార్లు తాకించండి. పది నిమిషాలు ఆరనివ్వండి. లెన్స్ సన్నని తీగల మీద వేలాడుతుంటుంది, గట్టిగా నొక్కితే వంగి పూర్తిగా పనికిరాకుండా పోతుంది. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ, టైమ్ అడుగుతుంటే పాత లావు మోడల్‌లోని సీఆర్ 2032 బటన్ సెల్ అయిపోయిందని అర్థం. సేవ్‌లకు దానితో సంబంధం లేదు. వాడనప్పుడు డిస్క్‌లను, మెమరీ కార్డులను గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. బీచ్ వైపు కిటికీ పక్క అలమరాలో వద్దు.

బాగైతే ఉంచుకోండి. కానీ పాత మూడు రంగుల తీగతో కొత్త టీవీకి కలిపితే బొమ్మ అలుక్కుపోతుంది, పైన చెప్పిన ఆలస్యం ఇంకా పెరుగుతుంది. ఐరోపా పాల్ డిస్క్ అయితే పైనా కిందా నల్ల పట్టీలు, కాస్త నెమ్మదించిన ఆట. డబ్బా టీవీ లేకపోతే రీమాస్టరే మేలు.

ప్రశ్న: రీమాస్టర్‌లో సంగీతం మార్చారట, ముఖాలూ మార్చారట. నిజమేనా?
(ద్వారకానగర్ పాఠకురాలు)

జవాబు: రెండూ నిజమే. నొబువో ఉయెమాత్సు, మసాషి హమావుజు, జున్యా నకానో కూర్చిన పాటల్లో చాలా వాటిని మళ్లీ వాయించారు. పీఎస్ 3, వీటాల్లో కొత్తవే వినాలి. పీఎస్ 4, పీసీల్లో పాతవి ఎంచుకోవచ్చు. మా ఓటు పాతవాటికే. కొత్త కూర్పులో వాద్యాలు పెరిగి కొన్నిచోట్ల ఆ నిశ్శబ్దపు ఖాళీలు మూసుకుపోయాయి. పోరు పాటలకు మాత్రం కొత్తవి బాగున్నాయి.

ముఖాల్లో ప్రధాన పాత్రలవి కొత్తగా చేశారు. చర్మం, కళ్లు స్పష్టంగా ఉన్నాయి గానీ టీడస్, యూనాల ముఖాల్లో పాతవాటిలో కనబడే భావం కొంత తగ్గింది. దారిన పోయేవాళ్లు పాత బొమ్మలతోనే ఉన్నారు. ఒకే దృశ్యంలో ఇద్దరూ పక్కపక్కన నిలబడితే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. సినిమా దృశ్యాలు మొదట పాత టీవీ ఆకారంలో తీసినవి కాబట్టి వెడల్పు తెర కోసం పైనా కిందా కోసేశారు.

ప్రశ్న: మా బాబుకు పద్నాలుగేళ్లు. వాళ్ల మావయ్య ఈ ఆట ఇచ్చారు. ఆడనివ్వొచ్చా? చదువు మాటేమిటండీ?
(మధురవాడ నుంచి ఒక తల్లి)

జవాబు: ఆడనివ్వొచ్చమ్మా. అమెరికా రేటింగ్ బోర్డు దీన్ని టీన్ వర్గంలో, అంటే 13 ఏళ్లు దాటినవాళ్లకు అని పెట్టింది. పోరులున్నాయి గానీ రక్తపాతం తక్కువ. కథలో చావు, మతం పేరుతో చెప్పే అబద్ధాలు పెద్ద విషయాలు. వాటి మీద బాబు ప్రశ్నలు అడిగితే మాట్లాడండి. ఇది వంతులవారీ ఆట. మీరు అన్నానికి పిలిస్తే పోరు మధ్యలో కూడా కంట్రోలర్ కింద పెట్టి రావచ్చు, ఏమీ నష్టం ఉండదు. కథ మాత్రమే అయితే 45 నుంచి 50 గంటలు. సెలవు రోజుల్లో రెండేసి గంటల లెక్కన పెట్టండి. ఆట ఆపమని చెప్పేటప్పుడు సేవ్ స్పియర్ దాకా వెళ్లడానికి పదిహేను నిమిషాలు ఇవ్వండి, గొడవ ఉండదు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చాలా ఉంటాయి, చదవడం అలవాటవుతుంది.

ప్రశ్న: అల్ భెడ్ ప్రైమర్లు (ఆ జాతి భాష నేర్పే పుస్తకాలు) 26లో నాకు నాలుగు తక్కువ. ఎక్కడ వెతకాలి?
(కంచరపాలెం పాఠకుడు)

జవాబు: ఆ నాలుగూ 19, 20, 21, 22 నంబర్లయితే ఈ ఆటలో ఇక దొరకవు. మొదటి మూడు బికనెల్ ఎడారిలోని హోమ్‌లో, నాలుగోది బెవెల్‌లో ఉంటాయి. హోమ్ కథలో పేలిపోతుంది, బెవెల్ లోపలికి దారి మూసుకుంటుంది. మళ్లీ మొదలుపెడితే ఇప్పటి సేవ్ చెరపకండి. ఆట మొదట్లో అల్ భెడ్ ఓడ మీద కంపైలేషన్ స్పియర్ ఉంటుంది. దాని ద్వారా పాత సేవ్‌లోని ప్రైమర్లను కొత్త ఆటలోకి తెచ్చుకోవచ్చు. అప్పుడు మొదటి నుంచే వాళ్ల మాటలు అర్థమవుతాయి. కథ తెలిసినవాళ్లకు ఆ సంభాషణలు వినడం మంచి అనుభవం.

ప్రశ్న: బ్లిట్జ్‌బాల్ (ఆటలోని నీటి బంతాట) గెలవడం నా వల్ల కావడం లేదు. వాకా ఆయుధానికి జూపిటర్ సిజిల్ కావాలి.
(భీమిలి పాఠకుడు)

జవాబు: ముందు జట్టు మార్చండి. గోల్‌కీపర్ కీపాను పక్కన పెట్టి లూకా చౌరస్తాలో తిరిగే జుమాల్‌ను తీసుకోండి. ఎయిర్‌షిప్ నడిపే బ్రదర్‌ను కూడా అడగండి, అతనంత వేగంగా ఈదేవాళ్లు తక్కువ. కిలికా నుంచి లూకా వెళ్లే ఓడ మీద జెక్ట్ షాట్ నేర్చుకుని ఉంటే టీడస్‌కు ఇద్దరు అడ్డుకునేవాళ్లను తప్పించే బలం వస్తుంది. తెర మీద మాటలు వచ్చే వైపుకు స్టిక్ తిప్పి క్రాస్ నొక్కడమే ఆ చిన్న ఆట.

ఒక్క గోల్ వేశాక బంతిని మీ సొంత గోల్ వెనక్కి తీసుకెళ్లి ఆగండి. ఎదుటివాళ్లు అక్కడికి రారు. సగానికి ఐదు నిమిషాల గడియారం అలాగే నడిచిపోతుంది. ఆటగా చూస్తే ఇది అందంగా ఉండదు, లీగ్‌లో పది మ్యాచ్‌లు పూర్తి చేయాల్సినప్పుడు మాత్రం ఇదే పని చేస్తుంది.

సీజన్ మొదలుపెట్టే ముందు సేవ్ చేసి, ఆ తర్వాతే బహుమతుల జాబితా చూడండి. సిజిల్ కనబడకపోతే మళ్లీ లోడ్ చేయండి. ఎంతకీ రాకపోతే సేవ్ స్పియర్‌లోని బ్లిట్జ్‌బాల్ మెనూలో రీసెట్ డేటా ఉంది.

ప్రశ్న: కామ్ ల్యాండ్స్ చోకోబో పందెంలో 0:00.0 రావాలట. నావి పది సెకన్ల దగ్గరే ఆగుతున్నాయి.
(మర్రిపాలెం పాఠకుడు)

జవాబు: లెక్క ఇది: పరుగుకు పట్టిన సమయం, దాంట్లోంచి ఒక్కో బెలూన్‌కు 3 సెకన్లు తీసివేత, ఒక్కో పక్షి తగిలితే 3 సెకన్లు కలుపు. 36 సెకన్లలో చేరితే 12 బెలూన్లు కావాలి, పక్షి ఒక్కటీ తగలకూడదు. ఒక్క పక్షి తగిలితే ఇంకో బెలూన్ అదనం. ట్రైనర్ కన్నా ముందు చేరాలి కూడా.

మీరు పది సెకన్ల దగ్గర ఉన్నారంటే నాలుగు బెలూన్ల దూరం. బెలూన్ కోసం పక్కకు మరీ ఎక్కువ తిప్పితే పరుగు సమయం పెరిగిపోతుంది, అందుకే దారిలో ఉన్నవాటికే వెళ్లండి. మొదట్లో గుత్తిగా ఉండేవి ట్రైనర్‌కు దక్కకుండా పట్టుకోండి, ఆమె తీసుకున్నవి మీకు మిగలవు. మొదటి సగంలో రెండు పక్షులు తగిలితే ఆ పందెం అక్కడే వదిలేసి మళ్లీ మొదలుపెట్టడం మంచిది. స్టిక్‌ను పూర్తిగా తోయకుండా చిన్న చిన్నగా కదపండి, చోకోబో తిరిగాక నిలదొక్కుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది.

ఈ పందెం బహుమతి సన్ సిజిల్ చేతికొచ్చాక, సన్ క్రెస్ట్, టీడస్ ఆయుధం కలాడ్బోల్గ్, సెలెస్టియల్ మిర్రర్ వెంట తీసుకుని మకలానియా అడవికి వెళ్లండి. ముందు క్రెస్ట్, తర్వాత సిజిల్. క్రెస్ట్ ఇంకా తీసుకోకపోతే గాజువాక పాఠకుడికి ఇచ్చిన జవాబు చూడండి, జనార్కండ్ గదిలో డార్క్ బహమూత్ కాచుకుని ఉంటుంది. యోజింబోకు ఇవ్వడానికి డబ్బు కూడబెట్టి వెళ్లండి.